హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను గోదావరి స్నానానికి తీసుకెళ్తున్నారా? ముందు నీళ్ళ సంగతి చూడండి

2024 ఏప్రిల్‌లో అమ్మ అడిగింది, "ఒక్కసారి గంగ స్నానం చేయించు బిడ్డా" అని. మా అమ్మ పుట్టిల్లు జగిత్యాల వైపు. అక్కడి పెద్దవాళ్ళు గోదావరిని గోదావరి అనరు, గంగ అనే అంటారు, కాబట్టి కాశీకి టికెట్లు చూడక్కర్లేదని నాకు తెలుసు. కాళేశ్వరానికి కారు మాట్లాడాను. నీళ్ళు ఉన్నాయా అని ట్రావెల్స్ అతన్ని అడిగితే "ఫుల్లుగా ఉన్నాయి మేడం, మొన్నే పోయొచ్చినం" అన్నాడు. నమ్మేశాను. అల్వాల్‌లో పొద్దున ఆరింటికి బయల్దేరి, మధ్యలో టిఫిన్‌కి ఒకసారి, అమ్మ మోకాళ్ళు పట్టేస్తే ఇంకోసారి ఆగి, చేరేసరికి పన్నెండున్నర అయింది.

మెట్లు దిగాం. నీళ్ళు లేవు. ఇసుక ఉంది, ఎండకి కళ్ళు తెరవలేనంత తెల్లగా. ఎక్కడో దూరంగా ఒక పాయ మెరుస్తోంది. గంగ దగ్గరికి చెప్పులతో ఎట్ల పోతమని అమ్మ చెప్పులు మెట్ల దగ్గరే విడిచేసింది, నేనూ వద్దనలేదు, అది నా తప్పే. సగం దూరం నడిచేసరికి డెబ్బై రెండేళ్ళ మనిషి కాళ్ళు కాలి అక్కడే కూలబడబోయింది. నా చున్నీ పరిచి నిలబెట్టాను, టవల్ దానికి ముందు పరిచాను, ఆమె టవల్ మీదికి రాగానే చున్నీ తీసి ఇంకా ముందు పరిచాను. అలా మార్చి మార్చి పరుచుకుంటూ నీళ్ళ దాకా తీసుకెళ్ళాను. మోకాళ్ళ లోతు కూడా లేదు. అమ్మ కూర్చుని చెంబుతో పోసుకుంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మే నన్ను ఓదార్చింది, "గంగ యాడికి పోతది బిడ్డా, ఇసుక కింద ఉంటది" అని.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళాం, అన్నీ బాగా జరిగాయి. ఎందుకంటే ఆ రోజు నుంచి నేను పంచాంగం కంటే ముందు నీళ్ళు చూస్తున్నాను. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు వెళ్ళాలన్నా నాకే ఫోన్ చేస్తున్నారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

నీళ్ళు ఎప్పుడుంటాయి, ఎందుకుంటాయి

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. మనకు కావాల్సింది అందులో మధ్య ముక్క, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన దగ్గర నుంచి భద్రాచలం దాకా. ఈ ముక్కలో నది తన ఇష్టప్రకారం పారదు. పైన మహారాష్ట్రలో జాయక్వాడీ డ్యామ్ ఉంది, సరిహద్దుకు కాస్త పైన బాబ్లీ బ్యారేజీ ఉంది, మన దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) ఉంది, ఇంకా కింద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. ఎక్కడ గేట్లు ఎత్తారు, ఎక్కడ దించారు అన్నదాన్ని బట్టే ఘాట్ దగ్గర మీకు నీళ్ళు.

బాబ్లీ సంగతి తెలుసుకుంటే బాసర వెళ్ళేవాళ్ళకు సగం పని అయిపోయినట్టే. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం ఏటా జూలై 1న గేట్లు ఎత్తుతారు, అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచుతారు, ఆ తర్వాత దించేస్తారు. మళ్ళీ మార్చి 1న 0.6 టీఎంసీ నీళ్ళు కిందికి వదలాలి. వానాకాలంలో వచ్చిన ఆ నీళ్ళు శ్రీరాంసాగర్‌లో నిలుస్తాయి, దాని వెనక నీళ్ళే బాసర దాకా పరుచుకుని ఉంటాయి. అంటే బాసర ఘాట్ దగ్గర మీరు మునిగేది చాలావరకు ఎస్సారెస్పీ నీళ్ళలోనే. ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. పేపర్లో జిల్లా పేజీలో, టీవీలో రోజూ చెప్తుంటారు. 1091కి దగ్గరగా ఉంటే బాసరలో మెట్ల దగ్గరే నీళ్ళు, ఎంత కిందికి దిగితే మీరు అంత దూరం నడవాలి.

కాళేశ్వరం లెక్క వేరు. అక్కడ గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ నీళ్ళన్నీ మోసుకొచ్చేది ప్రాణహితే, కాబట్టి వానాకాలంలో అక్కడి ఉధృతి బాసరతో పోల్చలేం. కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీ కట్టాక కొన్నేళ్ళు ఎండాకాలంలో కూడా కాళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా కనిపించాయి. 2023 అక్టోబర్‌లో ఆ బ్యారేజీ పిల్లర్లు కుంగాక నీళ్ళు వదిలేశారు. మా ట్రావెల్స్ అతను ఏ మొన్నటి సంగతి చెప్పాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక నెలల మాటకొస్తే, అక్టోబర్ నడిమి నుంచి జనవరి దాకా పెద్దవాళ్ళతో వెళ్ళడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. వరద తగ్గి ఉంటుంది, బురద దిగి నీళ్ళు తేరుకుని ఉంటాయి, కార్తీకం కూడా అప్పుడే. పొద్దున చలికి మాత్రం సిద్ధపడాలి. శివరాత్రి దాకా కూడా పర్వాలేదు. ఏప్రిల్, మే, జూన్ అయితే ఫోన్ చేసి కనుక్కోకుండా అడుగు బయటపెట్టొద్దు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరద రోజులు, వెళ్తే గట్టు మీద నుంచి దండం పెట్టుకుని నెత్తిన నీళ్ళు చల్లుకుని రావాలి, మునక మాట ఎత్తొద్దు. ఈ మాట కటువుగా అనిపించినా సరే.

ఫోన్ ఎవరికి చేయాలి? కారు మాట్లాడే మనిషికి వద్దు. ఆ ఊళ్ళో మీరు దిగబోయే సత్రానికో లాడ్జికో చేయండి. "నీళ్ళు ఉన్నాయా" అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. "ఘాట్‌కి ఎన్ని మెట్లు కనిపిస్తున్నాయి, చివరి మెట్టు నుంచి నీళ్ళకి ఎంత దూరం నడవాలి" అని అడగండి. ఆ ప్రశ్నకి ఎవరూ గాలి జవాబు చెప్పరు. వీలైతే ఆ రోజు తీసిన వీడియో వాట్సాప్‌లో పంపమనండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

ఏ ఊరికి వెళ్ళాలి

చిన్నపిల్లలు కూడా ఉంటే బాసర. హైదరాబాద్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, నిజామాబాద్ దాకా మంచి హైవే, రైలు కూడా ఉంది. జ్ఞాన సరస్వతి అమ్మవారి దగ్గర పిల్లలకు అక్షరాభ్యాసం, పెద్దవాళ్ళకు గోదావరి స్నానం, రెండూ ఒకే రోజులో అవుతాయి. వ్యాసుడు గోదావరిలో మునిగి మూడు గుప్పెళ్ళ ఇసుక తెచ్చి అమ్మవారిని నిలిపాడని స్థలపురాణం. వసంత పంచమి, నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు మాత్రం కాలు పెట్టే సందు ఉండదు, పెద్దవాళ్ళను ఆ రోజుల్లో తీసుకెళ్ళొద్దని నా మాట. ఘాట్‌కీ గుడికీ మధ్య కాస్త దూరం ఉంటుంది, ఆటో తీసుకోండి.

పితృకార్యం కోసం వెళ్తుంటే, లేదా నాలాగా నది పక్కన కాసేపు కూర్చోవాలనుకుంటే ధర్మపురి. కరీంనగర్, జగిత్యాల మీదుగా సుమారు 230 కిలోమీటర్లు. అక్కడ గోదావరి దక్షిణవాహిని, దక్షిణానికి తిరిగి పారుతుంది, అందుకే పెద్దల కార్యాలకు అంత పేరు. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజు గుడి ఉంది, ఇంకెక్కడా అంత తొందరగా కనపడదు. ధర్మపురికి పోతే యమపురి ఉండదని మా వైపు సామెత. అమ్మ ఆ గుడి ముందు నిలబడి చాలాసేపు ఏదో చెప్పుకుంది, ఏమని అడగలేదు నేను.

కాళేశ్వరం దూరం, దగ్గర దగ్గర 270-280 కిలోమీటర్లు, ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే పెద్దవాళ్ళ నడుములు విరిగిపోతాయి. రాత్రి అక్కడ ఉండేలా అయితేనే పెట్టుకోండి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రంలో పోసిన నీళ్ళు సంగమంలో కలుస్తాయని నమ్మకం. గోదావరి, ప్రాణహిత, కంటికి కనపడని సరస్వతి కలిసే చోటు కాబట్టే 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలు అక్కడ జరిగాయి. శ్రీశైలం, ద్రాక్షారామంతో కలిపి త్రిలింగాల్లో ఒకటి కూడా. ఇంత గొప్ప క్షేత్రాన్ని హడావిడిగా చూసి రావడం నాకు నచ్చదు.

ఇంకొకటి, జనం తక్కువగా ఉండే చోటు కావాలంటే కందకుర్తి. బోధన్ మీదుగా వెళ్ళాలి. మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలుస్తాయి, నది మధ్యలో పాత రాతి శివాలయం ఉంటుంది, వరదలొస్తే మునిగిపోయి మళ్ళీ బయటపడుతుంది. సౌకర్యాలు పెద్దగా ఆశించకండి.

కృష్ణ దగ్గర కదా అని కొందరు అడుగుతారు. నిజమే, బీచుపల్లి బెంగళూరు హైవే మీదే ఉంది, వాడపల్లిలో మన మూసీ వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. అది ఇంకోసారి రాస్తా.

ప్రయాణం

బస్సులో వెళ్ళేవాళ్ళు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)కి వెళ్ళండి, మెట్రో దిగితే అదే స్టేషన్. బాసర, నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు బస్సులన్నీ అక్కడి నుంచే. కాళేశ్వరానికి హనుమకొండ వెళ్ళి మారడం తేలిక. తెలంగాణ ఆడవాళ్ళకు 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఆధార్ అసలుది పెట్టుకోండి, అమ్మావాళ్ళ ఫోన్లో ఫోటో ఉందని ఊరుకోవద్దు. అయితే డెబ్బై దాటినవాళ్ళను ఉచితం కదా అని నాలుగైదు గంటలు ఎక్స్‌ప్రెస్‌లో కూర్చోబెట్టడం కంటే డబ్బు పెట్టి లగ్జరీ బస్సులో వెనక్కి వాలే సీటు తీసుకోవడమే మేలని నాకనిపిస్తుంది. బాసరకైతే రైలే హాయి, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా నాందేడ్ వైపు వెళ్ళే చాలా రైళ్ళు ఆగుతాయి, బాత్రూమ్ టెన్షన్ ఉండదు. బాసర స్టేషన్ రావడానికి కాస్త ముందే రైలు గోదావరి వంతెన దాటుతుంది.

కారులో అయితే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. మధ్యాహ్నం ఎండలో నది దగ్గర ఉండకూడదు అన్నది ఒక్కటే సూత్రం, మిగతా టైమింగ్స్ అన్నీ దాన్ని బట్టి వేసుకోండి.

సంచిలో ఏముండాలి

రెండు జతల బట్టలు, ఒకటి కాదు. తడిబట్టలకు విడిగా ఒక ప్లాస్టిక్ సంచి. అమ్మకి స్నానానికి పాత కాటన్ చీర, అంచు బరువుగా లేనిది, ఎందుకంటే పట్టుచీర, సింథటిక్ చీర తడిస్తే కాళ్ళకు చుట్టుకుని మెట్ల మీద పడేస్తుంది. బట్టలు మార్చుకునే గదులు ఘాట్ల దగ్గర ఉంటాయి కానీ తలుపులకు గడియలు ఉంటాయన్న నమ్మకం లేదు, పెద్ద దుప్పటి ఒకటి పెట్టుకుంటే ఇద్దరు పట్టుకుని అడ్డం నిలబడొచ్చు. వెనక స్ట్రాప్ ఉన్న రబ్బరు చెప్పులు. పొద్దున వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు విడిగా చిన్న డబ్బాలో, పెద్ద బ్యాగ్ అడుగున కాదు. ఇంట్లో చేసిన పులిహోర, రెండు అరటిపండ్లు.

ఉంగరాలు ఇంట్లోనే తీయించండి. చల్లటి నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి, సబ్బు పెట్టినా రాని ఉంగరం నదిలో తనంతట తానే జారిపోతుంది. మా చిన్నమ్మది అలాగే పోయింది, ముప్పై ఏళ్ళ నాటి పెళ్ళి ఉంగరం. "గంగమ్మకి ఇచ్చిన" అని పైకి అంది కానీ దారంతా వేలు తడుముకుంటూనే ఉంది.

పూజకి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, పూలు, ఆకుదొప్పలు, ఒత్తులు, అగ్గిపెట్టె, రాగి చెంబు. దొప్పలు ఇంటి దగ్గర కొనుక్కుని వెళ్ళండి, అక్కడ థర్మాకోల్ వాటిలో దీపాలు అమ్మితే కొనకండి. ఆకుదొప్ప నీళ్ళలో కరిగిపోతుంది, థర్మాకోల్ ముక్క మనం పోయాక కూడా ఉంటుంది.

పితృకార్యం ఉంటే ఒక కాగితం మీద గోత్రం, తండ్రి, తాత, ముత్తాత పేర్లు, అమ్మ వైపు వాళ్ళవి కూడా రాసుకుని వెళ్ళండి. పంతులుగారు అడిగినప్పుడు ముత్తాత పేరు దగ్గర అందరం ఆగిపోతాం. ఊళ్ళో ఉన్న పెద్ద పెదనాన్నకి ముందురోజు ఫోన్ చేసి అడగండి, ఆ ఒక్క ఫోన్‌కి ఆయన ఎంత సంతోషపడతారో. దక్షిణ ఎంతన్నది కూర్చోకముందే మర్యాదగా అడిగేయండి, "అయ్యగారూ, సామాన్లతో కలిపి ఎంత ఇవ్వమంటారు" అని. కార్యం మధ్యలో బేరం మొదలైతే మనసు చెదిరిపోతుంది.

ఘాట్ దగ్గర

చేరగానే నీళ్ళలోకి దిగకండి. పది నిమిషాలు మెట్ల మీద కూర్చోబెట్టండి. ప్రయాణం చేసి కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, పైగా ఆ పది నిమిషాల్లో మీరు చూడాల్సినవి ఉన్నాయి. మిగతావాళ్ళు ఎక్కడ దిగుతున్నారు, ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతున్నారు, పాచి ఏ మెట్టు మీద ఉంది. పాచి ఎప్పుడూ నీళ్ళు తాకే మెట్టు మీద, దాని పై మెట్టు మీద ఉంటుంది. పచ్చగా కనపడేది కాదు ప్రమాదం, నల్లగా తడిసి మామూలు రాయిలా కనపడేది. చెప్పులు అక్కడి దాకా ఉంచి, కూర్చుని, విడిచి, కూర్చునే ఒక్కో మెట్టు దిగమనండి. అమ్మ మొదట్లో "పసిపిల్లనా" అని కోప్పడింది, ఇప్పుడు తనే మిగతా ఆడవాళ్ళకు చెప్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళను ఖాళీ కడుపుతో ముంచకండి. ఉపవాసమంటారు, మొండికేస్తారు. స్నానానికి ముందు అరటిపండు తింటే దోషం లేదని మా పంతులుగారితోనే చెప్పించాను, ఆ మాట మన నోటి నుంచి వస్తే వినరు.

కాలు పెట్టేముందు వంగి నీళ్ళు చేత్తో తీసుకుని నెత్తిన చల్లుకోవాలి. తల్లిని కాలితో తాకబోతున్నాం, ముందు చేత్తో తాకి క్షమించమని అడగడం అన్నమాట. పసుపు కుంకుమ సమర్పించి, గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి, నర్మదే సింధు కావేరి జలేస్మిన్ సన్నిధిం కురు అని చెప్పుకుంటారు. రాకపోతే గోదారమ్మా అని దండం పెట్టుకున్నా చాలు. మోకాళ్ళ లోతు, మహా అయితే నడుము లోతు, అంతకు మించి వద్దు. మూడు మునకలు, లేచి సూర్యుడికి దోసిలితో అర్ఘ్యం. మునగలేనివాళ్ళు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోవచ్చు, అదీ స్నానమే. సబ్బు, షాంపూ వద్దు. కట్టుబట్టలు నదిలో వదిలేసే ఆచారం ఉందంటారు, దయచేసి ఆ పని చేయకండి. నీళ్ళు తగ్గాక ఘాట్ కింద చూస్తే అన్నీ చీరలే, బురదలో కూరుకుపోయి, ఒకదానికొకటి మెలికపడి. వాటిలో కాలు చిక్కుకుంటే లేవడం కష్టం. పెద్దవాళ్ళకు అదే చెప్పండి, వింటారు.

రాలేనివాళ్ళ పేరు చెప్పి వాళ్ళ తరఫున ఒక మునక వేయడం మన వాళ్ళకు అలవాటే. మొన్న కార్తీకంలో బాసరలో అమ్మ చెయ్యి పట్టుకుని నేను పక్కనే నిలబడ్డా. తన మూడూ అయ్యాక ఆగలేదు. మంచాన ఉన్న మేనమామ పేరు చెప్పి ఒకటి, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి ఒకటి, వాడి భార్యకి ఒకటి, పక్కింటి ఆవిడ అడిగిందని ఒకటి. ప్రతిసారీ ముక్కు పట్టుకుని మునుగుతోంది, లేచి జుట్టు మొహం మీద నుంచి తోసుకుంటోంది, పేరు గుర్తు చేసుకుంటోంది. చివరికి పోయిన నాన్న పేరు చెప్పి మునిగింది. అప్పటికి పెదాలు నీలంగా మారిపోయాయి, నేను లాక్కొచ్చేశాను. కాబట్టి ఎంతమందికి వేస్తారో ముందే లెక్క మాట్లాడుకోండి, చలికాలంలో ఐదారు చాలని ఒప్పించండి. బయటికి రాగానే ముందు తల తుడవండి, ఆ తర్వాతే పూజ, దీపం.

పిల్లలు, కుర్రాళ్ళు

ఇది రాయాలంటే చేతులు రావు కానీ రాయకుండా ఉండలేను. 2025 జూన్‌లో మన హైదరాబాద్ నుంచి బాసర వెళ్ళిన ఐదుగురు కుర్రాళ్ళు స్నానానికి దిగి మునిగిపోయారు. అదే నెలలో మేడిగడ్డ దగ్గర ఆరుగురు. రెండూ నది పొంగిపొర్లే రోజుల్లో జరిగినవి కావు. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడే జనం లోపలికి నడుస్తారు, నది అడుగున ఇసుక కొట్టుకుపోయిన గుంతలు, తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాళ్ళ లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువు లోతు. ఒకరు పడితే పట్టుకోబోయి ఇంకొకరు, అందుకే అంతమంది ఒకేసారి పోతున్నారు.

ఈత వచ్చినా సరే, జనం స్నానం చేస్తున్న హద్దు దాటి వెళ్ళనివ్వకండి. ఘాట్‌కి గొలుసులు, తాళ్ళు కట్టి ఉంటే వాటి ఇవతలే. సెల్ఫీ కోసం ఇసుక దిబ్బల మీదికి వెళ్ళొద్దు, పైన గేట్లు ఎత్తితే నీళ్ళు చెప్పి రావు. అక్కడి గంగపుత్రులు, పడవవాళ్ళు "అటు వద్దు" అంటే ఎందుకని వాదించకండి, ఆ నది అడుగు వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడగండి, లేదంటే దిగిపోండి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకుండా చీర, టవల్, కర్ర, ఏది అందితే అది విసరండి, కేక వేయండి.

2027 పుష్కరాలకి ఇప్పటి నుంచే

గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదావరి పుష్కరాలు, పన్నెండేళ్ళకోసారి, పన్నెండు రోజులు. కిందటిసారి 2015 జూలై 14 నుంచి 25 దాకా జరిగాయి, మళ్ళీ 2027లో. 2015 మొదటి రోజే రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. మన వైపు ధర్మపురి దారిలో గంటల తరబడి బండ్లు ఆగిపోయాయి, ఆ ఏడు వానలు సరిగ్గా లేక చాలా ఘాట్ల దగ్గర షవర్ల కింద స్నానాలు చేయించారు.

అందుకని మేం ఇంట్లో అనుకున్నది ఇది. మొదటి రోజు వద్దు, చివరి రోజు వద్దు, శనాదివారాలు వద్దు. మధ్యలో ఒక మంగళవారమో బుధవారమో. పుష్కరుడు ఏ ఒక్క ఘాట్‌కో రాడు, నది మొత్తానికీ వస్తాడు. త్ర్యంబకం నుంచి సముద్రం దాకా ఎక్కడ మునిగినా పుష్కర స్నానమే. మీ వాళ్ళకో స్నేహితులకో గోదావరి ఒడ్డున ఏదైనా చిన్న ఊరు ఉంటే, నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల్లో బోలెడు ఉన్నాయి, ఇప్పుడే పలకరించి పెట్టుకోండి. ముందురోజు వెళ్ళి వాళ్ళింట్లో పడుకుని పొద్దున్నే ఆ ఊరి ఘాట్‌లో మునిగి రావచ్చు. పెద్దవాళ్ళ జేబులో, కొంగు చివర, ఫోన్ నంబర్ రాసిన చీటీ కట్టండి. అసలు గుంపులో నడవలేని స్థితి ఉంటే తీసుకెళ్ళొద్దు, బిందెడు నీళ్ళు తెచ్చి ఇంట్లో పోయండి. అల్వాల్‌లో మా కుళాయికి వచ్చేది కూడా ఎల్లంపల్లి నుంచి పైపుల్లో వచ్చే గోదావరి నీళ్ళే. ఈ మాట చెప్తే అమ్మ కుళాయి తిప్పేటప్పుడు కూడా ఒకసారి కళ్ళకద్దుకుంటోంది.

నీళ్ళు ఇంటికి తెచ్చుకోవడం

గట్టు పక్కన నిలిచిన చోట పట్టకండి, కాస్త పారే చోట, అదీ మీ చెయ్యి అందే దూరంలోనే. పల్చటి తెల్లగుడ్డలో వడకట్టి, మూత బిగించి, మూత మీద కవర్ కట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, లేకపోతే బస్సులో బట్టలన్నీ తడుస్తాయి. ఇవి పూజకే, తాగడానికి కాదు. తీర్థంగా కూడా ఇవ్వకండి, చల్లుకోవడానికి, అభిషేకానికి వాడండి. లీటరు చాలు, ఇరుగుపొరుగుకి పంచాలంటే రెండు.

బాటిల్ మీద ఊరు, రోజు రాసి పెట్టుకోండి, రెండు మూడు ఊళ్ళవి ఉంటే కలిసిపోతాయి. మా పూజగదిలో ఇప్పుడు రెండున్నాయి. ఒకదాని మీద నా రాతలో కాళేశ్వరం, ఏప్రిల్ అని ఉంది, అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక. ఇంకోదాని మీద అమ్మ రాసుకుంది, బాసర, కార్తీక సోమవారం అని. అది సగం అయిపోయింది, దుబాయ్ నుంచి తమ్ముడు వస్తే వాడి నెత్తిన చల్లాలని మిగతా సగం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.